1936 హూవర్ 150ని మళ్ళీ తిప్పే పని: ప్రాజెక్టు డైరీ

అక్టోబర్, శనివారం రాత్రి

మొత్తానికి హూవర్ 150 దొరికింది. ఏళ్ళ తరబడి వెతుకుతున్న పాత వాక్యూమ్ క్లీనర్, ఒహాయోలో కాంటన్ దగ్గర ఒక ఎస్టేట్ సేల్‌లో (ఇంట్లో సామానంతా అమ్మేసే సేల్) బేస్‌మెంట్ మెట్ల కింద, పాత పెయింట్ డబ్బాల వెనకాల నిలబెట్టి ఉంది. అమ్మేవాళ్ళకి అదేంటో తెలీదు, "పాత స్వీపర్" అని చీటీ అంటించారు అంతే.

తెలీని వాళ్ళ కోసం కొంచెం చెప్తా. 1936లో హూవర్ కంపెనీ హెన్రీ డ్రేఫస్ అనే డిజైనర్‌ని పెట్టుకుని రూపం మొత్తం మార్చి తెచ్చిన నిలువు మెషిన్ ఇది. అప్పటిదాకా నిలువు వాక్యూమ్ అంటే ఓ మోటారు, దాని కింద మూతి, వెనక సంచి, ఎక్కడి బోల్టు అక్కడే బయటికి కనపడుతూ ఉండేది. డ్రేఫస్ వచ్చి మోటారు మీద నున్నటి బేకలైట్ (ఆ కాలం గట్టి ప్లాస్టిక్) కవర్ దించేశాడు, బరువు తగ్గాలని బాడీ మెగ్నీషియంతో చేశారు, సంచి నిండితే దులపమని చెప్పే సిగ్నల్ కూడా పెట్టారు. 1936లో ఇదంతా ఆలోచించారంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. మా హాల్లో గోడకున్న గుండ్రటి హనీవెల్ థర్మోస్టాట్ కూడా ఆయన డిజైనే, 1953 నాటిది. అంటే ఈ దేశంలో మామూలు ఇళ్ళలో జనం రోజూ చేత్తో పట్టుకునే వస్తువులు ఎలా ఉండాలో తేల్చినవాళ్ళలో ఆయన ముందుంటాడు.

ఇక దీని పరిస్థితి. వైరు ముట్టుకుంటే పొడి రాలుతోంది. బేకలైట్ కవర్‌కి ఎడమ పక్క నెర్ర, ఎవరో జిగురు పూసి వదిలేశారు. బాడీ మీద పెయింట్ లేచిన చోటల్లా తెల్లటి బూజులాంటి పొడి. బెల్టు రాయిలా గట్టిపడి రెండు ముక్కలైంది. షాఫ్ట్ చేత్తో తిప్పితే సగం తిరిగి పట్టేస్తోంది. కానీ ముఖ్యమైనవన్నీ ఉన్నాయి, సంచి ఉంది, లైటు అద్దం పగల్లేదు, కింద నేమ్ ప్లేట్ ఉంది. నాకు అది చాలు.

ఆదివారం

ఇవాళ పని ముట్టుకోలేదు, అన్ని పక్కల నుంచీ ఫోటోలు తీశా, స్క్రూ స్క్రూకీ. విప్పకముందు తీసిన ఫోటోలే తర్వాత బిగించేటప్పుడు దిక్కు.

ఇది ఒహాయోలో దొరకడంలో ఆశ్చర్యం ఏం లేదు. వాక్యూమ్ కంపెనీల్లో హూవర్‌ది నార్త్ కాంటన్, కిర్బీదీ రాయల్‌దీ క్లీవ్‌లాండ్, ఎయిర్-వే వాళ్ళది టొలీడో. నేను ఉద్యోగం కోసం ఆక్రన్ వచ్చినప్పుడు ఇదంతా తెలీదు, తెలిశాక మాత్రం వదల్లేకపోయా. ఇప్పుడు నా షెల్ఫులో 1937లో వచ్చిన ఎలక్ట్రోలక్స్ 30 ఉంది (స్లెడ్జి బండిలా రెండు పట్టాల మీద జారే పొడుగు సిలిండర్, లురెల్ గిల్డ్ డిజైన్), ఒక ఎయిర్-వే ఉంది, ఒక కిర్బీ ఉంది. 150 కోసం ఖాళీ ఎప్పుడో ఉంచా.

అసలు మొదలుపెట్టిన మనిషి గురించి కూడా రాయాలి, ఎందుకంటే ఆయన పేరు ఏ మెషిన్ మీదా లేదు. జేమ్స్ ముర్రే స్పాంగ్లర్, కాంటన్‌లో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఊడ్చే పని చేసేవాడు, ఆస్తమా మనిషి. తివాచీలు ఊడుస్తుంటే లేచే దుమ్ముకి ఊపిరాడక 1907లో ఓ ఫ్యాన్ మోటారు, ఓ చీపురు కర్ర, దుమ్ము పట్టడానికి ఓ దిండు గలీబు కలిపి మెషిన్ తయారుచేసుకున్నాడు. 1908 జూన్ 2న పేటెంట్ వచ్చింది. పెద్దఎత్తున చేయడానికి డబ్బు లేదు. వాళ్ళ బంధువర్గంలోకి వచ్చే విలియం హూవర్ అప్పటికి గుర్రపు జీనులూ తోలు సామాన్లూ చేసే వ్యాపారి, కార్లు వస్తున్నాయి, జీనుల బేరం ఎన్నాళ్ళుంటుందో అని చూస్తున్నాడు, అదే ఏడాది పేటెంట్ కొనేశాడు. అలా ఒక ఊరు మొత్తం వంద ఏళ్ళు వాక్యూమ్‌ల మీద బతికింది, 2007లో నార్త్ కాంటన్ ఫ్యాక్టరీ మూసేదాకా. నా షెల్ఫ్ పైన ఒక కార్డు మీద స్పాంగ్లర్ పేరు, ఆ పేటెంట్ తేదీ రాసి పెట్టా. అది అక్కడ ఉండాలి.

తర్వాతి వారం, సంచి

సంచితో మొదలుపెట్టా. ఇది కొత్తగా పోగేసేవాళ్ళకి గట్టిగా చెప్పాలి: పాత సంచిని ఇంట్లో దులపొద్దు. ఎన్ని దశాబ్దాల దుమ్మో అందులో ఉంటుంది, సీసం కలిపిన పెయింట్ పొడి ఉండొచ్చు, అప్పట్లో ఇళ్ళలో చల్లిన పురుగు మందులు ఉండొచ్చు. ఎన్95 మాస్క్ పెట్టుకుని, గ్లవ్స్ వేసుకుని, గాలికి ఎదురుగా కాకుండా పెరట్లో నిలబడి, కింద ప్లాస్టిక్ షీట్ పరిచి మెల్లగా తిరగేశా. గుండు సూదులు, ఒక చొక్కా గుండీ, క్రిస్మస్ చెట్టు ఆకులు ఎండిపోయి సూదుల్లా. షీట్ మడిచి, మూట కట్టి పడేశా.

సంచి మీద అచ్చు వేసిన హూవర్ పేరు ఇంకా చదవడానికి వస్తోంది, అందుకే ఉతకను. నీళ్ళు తగిలితే అచ్చు పాకుతుంది, బట్ట కుంచించుకుపోతుంది. మెత్తటి బ్రష్షు, ఆ పైన వల గుడ్డ అడ్డం పెట్టి హెపా ఫిల్టర్ (సన్నటి దుమ్ము కూడా ఆపేది) ఉన్న వాక్యూమ్‌తో తక్కువ స్పీడులో లాగడం, అంతవరకే. మెషిన్ నడిపేటప్పుడు వేరే సంచి కుట్టించి తగిలిస్తా, అసలుది షెల్ఫ్‌లో ఉన్నప్పుడే.

అదే వారం, విప్పడం

స్క్రూలు కదలవు. ఎందుకంటే ఇనుప స్క్రూ, మెగ్నీషియం బాడీ. రెండు వేరు లోహాలు తగిలి మధ్యలో తేమ చేరితే బ్యాటరీలా పనిచేస్తాయి, అందులో తినబడిపోయేది ఎప్పుడూ మెగ్నీషియమే, మనం వాడుకునే లోహాల్లో అంత తేలిగ్గా లొంగిపోయేది ఇంకోటి లేదు. స్క్రూ చుట్టూ తెల్ల పొడి ఉబ్బి మరల్ని పట్టేసింది. పెనిట్రేటింగ్ ఆయిల్ (మరల సందుల్లోకి దిగే పల్చటి నూనె) వేసి రాత్రంతా వదిలి, పొద్దున మళ్ళీ వేసి, సాయంత్రం స్క్రూ తల మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టి వేడి చేసి, సరిగ్గా తలకి సరిపోయే స్క్రూడ్రైవర్‌తో ముందు బిగించే వైపు ఓ వెంట్రుకవాసి తిప్పి తర్వాత వదులుచేసే వైపు. గ్యాస్ టార్చ్ మెగ్నీషియం దగ్గరికి తేవడం అనేదే లేదు. ఒక్కోటీ "టిక్" మని వదులుతుంటే ఆ శబ్దం కోసమే ఈ పని చేస్తున్నానేమో అనిపించింది. ఏ స్క్రూ ఎక్కడిదో అట్టముక్క మీద బొమ్మ గీసి ఆ చోటే గుచ్చా.

ఫ్యాన్ తీసేటప్పుడు ఇంకో మాట. మర ఎటువైపు తిరుగుతుందో చూసుకోకుండా బలం పెట్టొద్దు, పాత మెషిన్లలో ఎడమ మరలు ఉంటాయి, బలం పెడితే పోయేది షాఫ్ట్. ఈ తరహా మెషిన్లలో దుమ్ము మొత్తం ఫ్యాన్ గుండానే సంచిలోకి పోతుంది, అందుకే నాణేలు, మేకులు తగిలి ఫ్యాన్ రెక్కలు గాట్లు పడతాయి. దీనికి చిన్న గాట్లే, బ్యాలెన్స్ పోలేదు.

నవంబర్, మోటారు

ఇక్కడి నుంచి బాబాయ్ రంగంలోకి వచ్చాడు. తెనాలిలో మా బాబాయ్‌ది మోటార్ వైండింగ్ షాపు ఉండేది, ఇప్పుడు మానేశాడు గానీ చేతిలో పని పోలేదు. వీడియో కాల్‌లో ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) చూపించగానే కళ్ళజోడు పెట్టుకుని ముందుకు జరిగాడు.

"ఒరే, ఇది మిక్సీ మోటార్ లాంటిదే రా. యూనివర్సల్. ఏసీకైనా తిరుగుద్ది, డీసీకైనా తిరుగుద్ది."

నిజమే, ఆ కాలంలో అది అవసరం కూడా. 1936లో అమెరికా నగరాల్లో కొన్ని చోట్ల ఇళ్ళకి ఇంకా డీసీ కరెంటే వచ్చేది, మాన్‌హాటన్‌లో కొన్ని బిల్డింగులకైతే 2007 దాకా డీసీ ఇచ్చారు. ఏ ఇంట్లో పెట్టినా తిరగాలి కాబట్టి వాక్యూమ్‌లు దాదాపు అన్నీ యూనివర్సల్ మోటార్లే.

మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటర్) పెడితే వైండింగ్‌కీ బాడీకీ మధ్య అర మెగాఓమ్ కూడా రాలేదు. నాకు గుండె జారింది, వైండింగ్ పోయిందంటే ఆ కాలం వైర్‌తో మళ్ళీ చుట్టించాలి, అప్పుడు అది పాత మోటారు కాదు. బాబాయ్ మాత్రం "కంగారు పడమాక, చెమ్మ పట్టుంటది. పెట్టెలో పెట్టి బల్బు వెయ్యి" అన్నాడు. వాళ్ళ షాపులో వానాకాలం వచ్చే మోటార్లన్నిటికీ అదే మందు. ఒక చెక్క పెట్టెలో ఆర్మేచర్, ఫీల్డ్ కాయిల్స్ (దాని చుట్టూ కదలకుండా ఉండే తీగ చుట్లు) పెట్టి, వంద వాట్ల పాత తరహా బల్బు వేలాడదీసి, పైన చిన్న సందు వదిలి మూసేశా. ఈ ఎల్ఈడీ కాలంలో వేడెక్కే బల్బు వెతకడమే ఒక పని అయింది. రెండో రోజుకి రీడింగ్ మెల్లగా ఎక్కడం మొదలైంది, వారం చివరికి ఇరవై మెగాఓమ్‌లు దాటింది. వైండింగ్ బాగానే ఉంది! అదే తీగ, అదే నూలు చుట్టు, నార్త్ కాంటన్‌లో ఎవరో చుట్టినదే.

కమ్యుటేటర్ (ఆర్మేచర్ చివర గుండ్రంగా పేర్చిన రాగి పలకలు) నల్లగా, గాడి పడి ఉంది. అడక్కముందే బాబాయ్ హెచ్చరిక: "ఎమెరీ పెట్టావంటే చెయ్యి విరగ్గొడతా. జీరో పేపరే." ఎమెరీ గుడ్డ పొడిలో కరెంటు పారే రేణువులుంటాయి, అవి రాగి పలకల మధ్య ఇరుక్కుంటే షార్టే. జీరో పేపర్ (బాగా సన్నటి గరుకు కాగితం) పట్టీలా కోసి, ఆర్మేచర్ తిప్పుతూ మెరుపు వచ్చేదాకా రుద్దా. తర్వాత పలకల మధ్య అభ్రకం. రాగి అరిగిపోయి అభ్రకం పైకి తేలితే కార్బన్లు (కమ్యుటేటర్‌కి ఆనుకుని కరెంటు అందించే ముక్కలు) దాని మీద ఎగిరెగిరి నిప్పురవ్వలు కొడతాయి, అందుకని ఒక్కో సందులో అభ్రకాన్ని కొంచెం లోతుకి గీకాలి. హ్యాక్సా బ్లేడు ముక్కని గ్రైండర్ మీద పలచగా అరగదీసి దానికి గుడ్డ చుట్టి పట్టుకుని, భూతద్దం కింద, ఒక్కో సందూ. చివర్న టూత్ బ్రష్షుతో పొడి తీసేసి, మల్టీమీటర్‌తో పక్కపక్క పలకల మధ్య వరసగా చూసుకుంటూ పోయా, అన్నీ దగ్గరదగ్గరగా వచ్చాయి.

అదే నెల, కార్బన్లు, బేరింగులు

పాత కార్బన్లు అరిగి పొట్టిగా అయిపోయాయి. సరిగ్గా ఆ సైజు ఇప్పుడు రాదు, కొంచెం పెద్దవి కొని గాజు పలక మీద జీరో పేపర్ పరిచి నాలుగు పక్కలా సమంగా అరగదీశా, హోల్డర్‌లో వేలితో తోస్తే జారి స్ప్రింగుతో వెనక్కి రావాలి, ఊగకూడదు. తర్వాత కమ్యుటేటర్ చుట్టూ జీరో పేపర్ గరుకు వైపు పైకి పెట్టి చుట్టి, కార్బన్లు బిగించి చేత్తో తిప్పితే వాటి మూతులు కమ్యుటేటర్ వంపుకి సరిగ్గా అరుగుతాయి. తొందరపడి ఈ మెట్టు వదిలేసేవాళ్ళు చాలామంది, తర్వాత నిప్పురవ్వలు ఎక్కువొస్తున్నాయి అంటారు.

షాఫ్ట్ పట్టేయడానికి కారణం బేరింగుల్లో గ్రీజు గట్టిపడి మైనంలా అవ్వడం. కిరోసిన్‌లో నానబెట్టి కడిగితే ఒకటి హాయిగా తిరిగింది, ఇంకోదాని గోళీల దారిలో తుప్పు గుంటలు. అది మార్చక తప్పదు. పుల్లర్‌తో తీసి, లోపలి బయటి కొలతలు, మందం చూసి దానికి సరిపోయే సీల్డ్ బేరింగ్ వేశా. తీసేసిన పాతది జిప్ కవర్లో వేసి, ఎక్కడిదో, ఎందుకు తీశానో రాసి మెషిన్‌తో పాటే దాస్తా. నా తర్వాత ఇది ఎవరి చేతికి పోయినా, ఏది 1936దో, ఏది నేను వేసిందో వాళ్ళకి తెలియాలి. ఇది నాకు పాలిష్ కంటే ముఖ్యం.

డిసెంబర్, మెగ్నీషియం

ఈ పనికి భయపడే చాలామంది 150ని ముట్టుకోరు. భయపడాలి కూడా. మెగ్నీషియం దిమ్మగా ఉంటే ఏం కాదు, సన్నటి పొడి అయితే నిప్పురవ్వకి అంటుకుంటుంది, అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, పోస్తే హైడ్రోజన్ పుట్టి ఇంకా రెచ్చిపోతుంది, మామూలు ఎక్స్‌టింగ్విషర్ కూడా పనికిరాదు. పొడి ఇసుక బకెట్ పక్కన పెట్టుకున్నా, లోహాల మంటకి వాడే క్లాస్ డి ఎక్స్‌టింగ్విషర్ తెచ్చుకున్నా. గ్రైండర్ లేదు, డ్రిల్‌కి తగిలించే వైర్ బ్రష్ లేదు. అంతా చేతి పనే. పైగా ఆ కాలం పెయింట్‌లో సీసం ఉంటుందనే అనుకోవాలి, దాన్ని పొడిగా గీకి గాల్లో కలపకూడదు.

వెదురు పుల్ల చివర చెక్కుకుని తెల్ల పొడిని కొంచెం కొంచెంగా లేపా, నైలాన్ ప్యాడ్‌ని మినరల్ స్పిరిట్‌తో తడిపి తుడిచా, వచ్చినదాన్ని వచ్చినట్టు గుడ్డకి ఎత్తి బయట మూత డబ్బాలో వేశా. పొడి కింద గుంటలున్నాయి, వెనక చక్రం దగ్గర ఒక చోట గోరు దిగేంత లోతు. పుట్టీ పెట్టి, కొత్త పెయింట్ కొడితే షోరూమ్ నుంచి వచ్చినట్టు ఉంటుంది, అలా చేసినవి చూశా, బాగానే ఉంటాయి. కానీ నేను చెయ్యను. పాత పెయింట్ ఎంత మిగిలితే అంత మిగలనిచ్చి, బయటపడిన లోహం మీద మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ పల్చగా రెండు పూతలు. తేమ తగలకపోతే ఇక తినుకుపోదు. స్క్రూలు తిరిగి బిగించేటప్పుడు మరలకి రెండు లోహాల్ని విడదీసే పేస్ట్ పూశా, మళ్ళీ ఆ బ్యాటరీ మొదలవకుండా.

జనవరి, బేకలైట్

కవర్ మీద మెరుపు పోయి మట్టి రంగు పొర. బేకలైట్ అంటే రెసిన్‌లో చెక్క పొడిలాంటిది కలిపి అచ్చులో వేడితో నొక్కి చేసేది, పైన ఉన్న పల్చటి రెసిన్ పొరే మెరుస్తుంది, ఎండకి ఆ పొర పాడైతే లోపలి చెక్క పొడి బయటపడుతుంది. ఇంకా సాండింగ్ చేస్తే ఇంకా చెక్క పొడే వస్తుంది, మెరుపు రాదు. అందుకని సాండింగ్ లేకుండా మెత్తటి ప్లాస్టిక్ పాలిష్, కాటన్ గుడ్డ, గుండ్రంగా, ఓపిగ్గా. గుడ్డ పసుపు గోధుమ రంగులోకి మారుతుంది, అది పాడైన పొర. ముందు భాగంలో డ్రేఫస్ గీసిన ఆ వంపు మీద కిటికీ వెలుతురు ఒక గీతలా జారడం మొదలైనప్పుడు ఆపేశా. పైన కార్నోబా వ్యాక్స్.

ఎడమ పక్క నెర్ర మీద ఎవరో పూసిన పాత జిగురు తీసి, లోపలి వైపు నుంచి సన్నటి ఫైబర్‌గ్లాస్ గుడ్డ ఎపాక్సీతో అతికించా. బయటి నుంచి చూస్తే నెర్ర గీత కనపడుతుంది, కనపడనీ, కదలదు.

ఫిబ్రవరి, వైరు, బెల్టు, నడపడం

వైరు మార్చాల్సిందే, ఇందులో రెండో మాట లేదు. రబ్బరు పొడైపోయిన వైరుతో పాత మెషిన్ నడిపేవాళ్ళని చూశా, అది ప్రేమ కాదు. పైన నూలు అల్లిక, లోపల ఇప్పటి ఇన్సులేషన్ ఉన్న కొత్త వైరు దొరుకుతుంది, చూడటానికి పాతదే. నేను మూడు తీగలది తీసుకుని బాడీకి ఎర్త్ కలిపా. రెండు పిన్నుల ప్లగ్గే అసలుది అని కొందరు ఒప్పుకోరు, వాళ్ళ మాట గౌరవిస్తా, కానీ లోహపు బాడీ, వయసైన వైండింగ్, మా ఇంట్లో పిల్లలు. పాత వైరు కూడా కవర్లోకే.

నార్త్ కాంటన్ ఫ్యాక్టరీలో మూసేదాకా పనిచేసిన ఒక పెద్దాయన పరిచయం ఉన్నాడు, బెల్టుల డబ్బా పట్టుకుని వచ్చాడు. ఒక్కోటీ వేసి, చేత్తో బీటర్ రోలర్ తిప్పి చూసి, మూడోది పెట్టి వదిలేశాడు. బిగుతు ఎక్కువైతే బేరింగ్ మీద భారం, తక్కువైతే తివాచీ మీద పెట్టగానే రోలర్ ఆగిపోతుంది. ఆ రోలర్ హూవర్ 1926లో మోడల్ 700తో తెచ్చింది, బ్రష్షుల మధ్య లోహపు పట్టీలు ఉంటాయి, అవి తివాచీని కొడితే లోపలి ఇసుక పైకి ఎగురుతుంది, బ్రష్షు ఊడుస్తుంది, గాలి లాగుతుంది. రోలర్ చివర్లలో జుట్టు చుట్టుకుపోయి పీచు కట్టింది, అదంతా కోసి తీసి, బేరింగులకి చుక్క నూనె.

ముందు సిరీస్ బల్బు మీద, అంటే కరెంటు బల్బు గుండా మెషిన్‌కి వెళ్ళేలా పెట్టా. షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, మెషిన్‌కి ఏం కాదు. బల్బు ఒకసారి వెలిగి మసకబారింది, షాఫ్ట్ మెల్లగా తిరగడం మొదలైంది. తర్వాత వేరియాక్ (వోల్టేజీ కొంచెం కొంచెంగా పెంచే ట్రాన్స్‌ఫార్మర్) మీద నలభై వోల్టులు, అరవై, మధ్యలో ఆపి బేరింగుల మీద చెయ్యి పెట్టి చూస్తూ, చివరికి 110. ఫోన్‌లో బాబాయ్ "కార్బన్ల కాడ చూపించు, కార్బన్ల కాడ చూపించు" అని ఒకటే అరుపు, చూపించా, చిన్న నీలి రవ్వలు, సమంగా. పెద్దాయన ఏం మాట్లాడకుండా తల ఒక పక్కకి వంచి విన్నాడు, ముందు బేరింగ్ సరిగ్గా కూర్చుంది అని దాన్ని చూపించి తలూపాడు. కొత్తగా కుట్టించిన సంచి తగిలించి హాల్లో తివాచీ మీద పెట్టాం. సంచి ఒక్క దెబ్బకి పొంగింది, కింద రోలర్ కొట్టే ధడధడ నేల ద్వారా కాళ్ళకి తెలుస్తోంది. అవతల ఇప్పటి వాక్యూమ్‌తో అంతకుముందే ఊడ్చిన తివాచీ అది, అయినా సంచి విప్పితే బూడిదరంగు ఇసుక!

ఇంకా మిగిలినవి: లైటు బల్బు హోల్డర్‌లో ఒక రాగి రేకు విరిగింది, పలచటి ఇత్తడి రేకుతో చేసి పెట్టాలి. సంచి నిండిందని చెప్పే సిగ్నల్ మెకానిజం ఇంకా విప్పలేదు, అది ఎలా పనిచేస్తుందో పూర్తిగా చూశాకే ముట్టుకుంటా. గొట్టం తగిలించి సోఫాలు, కర్టెన్లు శుభ్రం చేయడానికి దీంతో వచ్చిన సామాన్ల సెట్ నా దగ్గర లేదు. ఎవరి అటక మీదైనా ఉంటే, తుప్పు పట్టినదైనా సరే, నాకు చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్తా.